ఆకుపచ్చ వచ్చిన పిల్ల

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, అరవై దాటిన వయసులో. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట ఉన్నా పాఠకులు పెద్ద మనసుతో సర్దుకుని చదువుకోవాలి. రాయడం కూడా నిదానమే. ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు జరగబోతున్న సంగతులు, పూర్తయ్యేసరికి జరిగిపోయాయి.

ఇక విషయానికి వస్తాను. మానవజాతి పుట్టిన నాటి నుంచీ అలసిపోతూనే ఉంది. కానీ ఇంతకాలమూ ఎవరికి తోచినట్టు వాళ్ళు, ఎక్కడ పడితే అక్కడ, ఏ ఆధారమూ చూపకుండా అలసిపోయారు. ఈ అరాచకానికి స్వస్తి చెప్పిన ఘనత మా క్లబ్బుకు దక్కింది. ఇప్పుడు మా దగ్గర ఎవరైనా అలసిపోవాలంటే ముందు దరఖాస్తు చేసుకోవాలి. తర్వాత పరీక్షకు హాజరు కావాలి. అలసట మంజూరైతే అలసిపోవచ్చు. మంజూరు కాకపోతే పరుగెత్తాలి.

మా మనవరాలు ఈ క్లబ్బు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఎడమ పక్కన పరుగెత్తే పిల్ల. దాని తల్లి, అంటే నా కూతురు, ఆస్పత్రిలో నర్సు. ఒక డ్యూటీ దిగి ఇంకో డ్యూటీ ఎక్కుతూ ఉంటుంది. (నర్సుల అలసటను కొలిచే శాఖ ఇంకా ఏర్పడలేదు కాబట్టి వాళ్ళు అలసిపోరు.) అందుకని మనవరాలికి తోడుగా నేను ఉంటున్నాను. ప్రతి ఆటకీ వెళ్ళి గీత అవతల కూర్చుని, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని విజిల్ వేస్తాను. నా విజిల్ విని అవతలి జట్టు పిల్లలు ఆట ఆగిందనుకుని నిలబడిపోయిన సందర్భాలున్నాయి. రిఫరీ గారు నన్ను మర్యాదగానే హెచ్చరించారు.

మా క్లబ్బులో వెలసిన శాఖ పేరు ‘కండరాల అలసట మరియు పునఃస్వస్థతా నిర్ధారణ శాఖ’. (పునఃస్వస్థత అంటే కోలుకోవడమట. బోర్డు చూసి ఒక్కో అక్షరం రాసుకున్నాను. రాసేసరికి నా బొటనవేలి కండరం అలసిపోయింది. దానికి అనుమతి తీసుకోలేదు, క్షమించాలి.) శాఖకు అధిపతి అలసట నిర్ధారణాధికారి గారు. సన్నగా, పొడుగ్గా, మెడలో రెండు గుర్తింపు కార్డులు వేసుకుని ఉంటారు. ఒకటి ఆయనది. రెండోది మొదటిది పోతే చూపించడానికి.

శాఖ పనితీరు ఇలా ఉంటుంది. పొద్దున లేవగానే ఆడపిల్ల ఫోన్‌లో ఐదు ముఖాలు కనిపిస్తాయి. మొదటిది నవ్వుతూ ఉంటుంది, చివరిది ఏడుస్తూ ఉంటుంది. తన పరిస్థితికి సరిపోయే ముఖాన్ని పిల్ల నొక్కాలి. తర్వాత శాఖ గదికి వెళ్ళి ఒక ఇనప పలక మీద నిలబడి, చేతులు నడుం మీద పెట్టుకుని, శక్తికొద్దీ పైకి ఎగరాలి. ఎంత ఎత్తు ఎగిరిందో పలక లెక్క కడుతుంది. తర్వాత చెవి తమ్మె మీద గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తారు. తర్వాత మోకాళ్ళ మధ్య ఒక బంతి పెట్టి నొక్కమంటారు. ఆట ఆడేటప్పుడు, మెడ వెనక చిన్న పెట్టె ఉన్న బనియను తొడుగుతారు. పిల్ల ఎంత దూరం పరుగెత్తిందో ఆ పెట్టె ఆకాశానికి చెబుతుంది, ఆకాశం శాఖకు చెబుతుంది. ఇవన్నీ కలిపి యంత్రం ఒక రంగు ఇస్తుంది. ఎరుపు వస్తే పిల్ల అలసిపోయింది, విశ్రాంతి ఇస్తారు. పసుపు వస్తే చర్చిస్తారు. ఆకుపచ్చ వస్తే ఆడాలి.

ఈ పరీక్షలన్నీ పూర్తయ్యేసరికి పిల్లలకు తల ప్రాణం తోకకు వస్తుంది. అయితే పరీక్షల వల్ల కలిగే అలసటను లెక్కలోకి తీసుకోకూడదని నిబంధన ఉంది. కొలిచే పనిలో కలిగేది కొలతలోకి రాదట.

శాఖ పెట్టిన కొత్తలో నిబంధనల పుస్తకాన్ని మా అందరికీ చదివి వినిపించారు. అందులో నాకు నచ్చిన వాక్యం: ‘క్రీడాకారిణికి కలిగే నొప్పి ఆమె వ్యక్తిగత అభిప్రాయం.’ శాఖ అందరి అభిప్రాయాలనూ గౌరవిస్తుందని కూడా ఆ పక్కనే రాసి ఉంది.

కొలతలు సరిపోల్చే పట్టిక మగవాళ్ళ జట్టుది. ఆడవాళ్ళ పట్టిక తయారీలో ఉంది. అది వచ్చేదాకా ఇబ్బంది లేకుండా పాత పట్టికకు గులాబీ రంగు అట్ట వేశారు. ఆ సభలో నేను లేచి అడిగాను.

“అయ్యా, నెలసరి రోజుల్లో పిల్లల కాళ్ళు పీకుతాయి, నడుం పట్టేస్తుంది. ఆ సంగతి మీ యంత్రానికి తెలుసా?”

వేదిక మీదున్న నలుగురు పెద్దమనుషులూ ఒకేసారి మంచినీళ్ళు తాగారు.

“ఆ క్యాలెండర్ అంశం మీద ఉపసంఘం వేశామండీ,” అన్నారు నిర్ధారణాధికారి గారు, పైకప్పు వైపు చూస్తూ.

“ఆ సంఘంలో ఆడవాళ్ళెంతమంది?”

“ఆడవాళ్ళనింకా వేయలేదండీ. అంశం సున్నితమైంది కదా, ముందు మగవాళ్ళు అధ్యయనం చేస్తున్నారు.”

వెనక వరసలో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. ఆమె జట్టు గోల్‌కీపరు. తలుపంత మనిషి కాబట్టి జట్టులో అందరూ ఆమెను ‘తలుపు’ అనే పిలుస్తారు. ఆమె నవ్వును సభా కార్యక్రమాల్లో ‘ఆమోదం’గా రాసుకున్నారు.

ఇప్పుడు ఈ వ్యవస్థకు మూలస్తంభం లాంటి విషయం చెప్పాలి. ఏ కొలతకైనా ఒక మొదలు ఉండాలి కదా. పిల్ల అలసట లేకుండా హాయిగా ఉన్న రోజున ఎంత ఎత్తు ఎగురుతుందో ముందు కొలిచి పెట్టుకుంటారు. దాన్ని ‘పూర్తి తాజాదనం’ అంటారు. ఆ తర్వాత ఏ రోజైనా దానికన్నా బాగా తక్కువ ఎగిరితే అలసిపోయినట్టు. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు.

అయితే శాఖను ప్రారంభించడానికి ఒప్పుకున్న ముఖ్య అతిథి గారికి ఒక్క రోజే ఖాళీ ఉంది. ఆ రోజు ఏదంటే, మా పిల్లలు కప్పు సెమీఫైనల్ అదనపు సమయం దాకా ఆడి, రాత్రంతా బస్సులో కూర్చుని ఊరు చేరిన మర్నాటి పొద్దున. బస్సు దిగినవాళ్ళు దిగినట్టే శాఖ గదికి నడిచారు. నడిచారంటే నడవలేదు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దేకారు. ముఖ్య అతిథి గారు రిబ్బను కత్తిరించి బొత్తాం నొక్కారు. పిల్లలు ఒక్కొక్కరే పలక ఎక్కి, మొద్దుబారిన కాళ్ళతో ఎగిరారు. తలుపు అయితే ఎగరలేదు, కాస్త పొడుగైంది. అందరూ చప్పట్లు కొట్టారు. యంత్రం ఆ కొలతలను ‘పూర్తి తాజాదనం’ అని శాశ్వతంగా దాచుకుంది.

ఆ రోజు నుంచి మా జట్టులో ఎవరికీ ఎరుపు రాలేదు. జ్వరం వచ్చిన పిల్ల కూడా ఆ పొద్దుటి కన్నా ఎత్తే ఎగిరేది. అలసటను సమూలంగా నిర్మూలించిన తొలి క్లబ్బుగా మాకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టి పలక ఎదురుగా గోడకు తగిలించారు.

ఇదంతా ఇలా సాఫీగా సాగుతుండగా మా మనవరాలి ఎడమ తొడ వెనక కండరం పట్టేసింది.

ఆ వారం మధ్యలో జరిగిన ఆటలో ఎడతెరిపి లేకుండా పరుగెత్తింది. మర్నాడు మంచం దిగుతూ ‘అబ్బా’ అంది. నేను చెయ్యి వేసి చూస్తే ఆ తొడ తాడు పేనినట్టు ఉంది. ఆదివారం మళ్ళీ ఆట. ఆ తర్వాత కొద్ది వారాల్లో జాతీయ జట్టు శిబిరం. చిన్నప్పటి నుంచి అది కలవరించేది ఆ శిబిరం గురించే. శిబిరానికి దాని పేరు పంపేది మా క్లబ్బే. పట్టేసిన తొడతో ఆదివారం ఆడితే కండరం చిరుగుతుంది, శిబిరం పోతుంది. ఆడనని కూర్చుంటే, ఆకుపచ్చ ఉండీ ఆడనన్నందుకు క్రమశిక్షణ ధిక్కారం కింద పేరు పంపరు, శిబిరం పోతుంది. మిగిలిన దారి ఒక్కటే. పిల్ల అలసిపోయిందని శాఖ చేత ఒప్పించడం.

“ఒక్క ఆదివారం కూర్చుంటే సర్దుకుంటుంది అమ్మమ్మా,” అంది పిల్ల. “ఒక్కటంటే ఒక్కటి.”

“పద్ధతి ప్రకారం అడుగుదాం,” అన్నాను. అక్షరాలు వచ్చినవాళ్ళకు ఉండే నమ్మకం నాకూ ఉండేది.

మొదట ఫోన్. పిల్ల ఏడుపు ముఖం నొక్కింది. ‘మీరు నిజంగా అలసిపోయారా? ఇంకోసారి ఆలోచించుకోండి’ అని వచ్చింది. ఆలోచించుకుని మళ్ళీ నొక్కింది. ‘మీ ముఖం మీ జట్టు సగటు ముఖానికి భిన్నంగా ఉంది. సగటును అంగీకరిస్తారా?’ అని వచ్చింది. కింద ఒకటే బొత్తాం. దాని మీద ‘అంగీకరిస్తాను’ అని ఉంది. పిల్ల ఎంతసేపు నొక్కకుండా కూర్చున్నా అది కదల్లేదు. చివరికి నొక్కింది. నవ్వు ముఖం వచ్చి, ‘మీ నిజాయితీకి ధన్యవాదాలు’ అంది.

తర్వాత పలక. బయట వరండాలో మా వంతు కోసం కూర్చున్నాం. తలుపు మా పక్కనే చతికిలబడింది.

“ఏమే, ఇవాళ కాస్త తక్కువ ఎగరవే,” అంది మనవరాలితో. “నడుం సగమే వంచు. మోకాళ్ళు బిగబట్టు. మా బాబాయి డాన్సు చేసినట్టు ఎగురు చాలు.”

“నువ్వు అలా చేసే కదా పోయినసారి దొరికిపోయావ్?”

నిజమే. క్రితం నెల తలుపు కావాలని ఆ మొదటి రోజు పాటి కూడా లేవకపోతే, యంత్రం రంగుకు బదులు ‘నటన’ అని చూపించింది. ఆమెను మనోబల శిక్షణ తరగతికి పంపారు. అక్కడ ఒక పెద్దాయన కళ్ళు మూసుకోమని, తనను తాను ఒక చిరుతపులిగా ఊహించుకోమన్నాడట. ఆమె చిరుతపులిగా మారి నిద్రపోయింది.

“నాది అతి అయింది,” అంది తలుపు. “నువ్వు మరీ నాలా కాకుండా, అటూ ఇటూగా ఎగురు. అమ్మమ్మా, నువ్వైనా చెప్పు దీనికి.”

“బంగారుతల్లీ,” అన్నాను నేను కూడా సిగ్గు విడిచి. “ఒక్కసారికి కాస్త తక్కువ ఎగిరితే మునిగిపోయేదేం లేదమ్మా.”

సరేనంది. లోపలికి వెళ్ళింది. గాజు తలుపులోంచి నేను చూస్తూనే ఉన్నాను. పలక ఎక్కింది. చేతులు నడుం మీద పెట్టుకుంది. పెదవి కొరుక్కుంది. ఎగిరింది. ఏమని చెప్పను, పావురం లేచినట్టు లేచింది. దిగుతూ తొడ పట్టుకుని మూలిగింది. తెర మీద ఆకుపచ్చ వెలిగింది. ‘నూట పదిహేడు శాతం తాజా’ అని రాసి ఉంది. (నిండు కుండలో ఇంకో చెంబుడు పట్టడం శాఖకు కొత్త కాదు.)

“ఏమే, నీకేమన్నా మతి పోయిందా?” అంది తలుపు.

“ఎగరమని పలక మీద నిలబెడితే ఎగరకుండా ఎలా ఉంటానే? కాళ్ళు వాటంతటవే పోయాయి,” అంది మా పిల్ల, ఏడుపు గొంతుతో. “అమ్మమ్మా, నేను కావాలని చేయలేదు.”

దాన్నేమనను? అది నడక నేర్చుకున్నది కూడా అలాగే. పడుతుందని తెలిసీ ముందుకే దూకేది.

తర్వాత కోచ్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మైదానంలో పరుగు సాధనకు ప్లాస్టిక్ టోపీలు వరసగా పేరుస్తోంది. ఒకప్పుడు తనూ ఆడిన మనిషే. రెండు మోకాళ్ళ మీదా కుట్ల గుర్తులున్నాయి.

“అమ్మా కోచమ్మా, పిల్ల కుంటుతోంది. నీ కళ్ళతో నువ్వే చూడు.”

“చూశాను అమ్మమ్మా. పొద్దున్నే చూశాను.”

“మరి ఆదివారం కూర్చోబెట్టరాదూ?”

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “ఆకుపచ్చ వచ్చిన పిల్లను కూర్చోబెడితే, నన్ను ఇంట్లో కూర్చోబెడతారు. నేను చూసింది చెల్లదు అమ్మమ్మా. నేను చూడటం కూడా వ్యక్తిగత అభిప్రాయమేనట. శనివారం అప్పీలు వింటారు, వెళ్ళి అడగండి. గట్టిగా అడగండి. మీరైతే గట్టిగా అడగగలరు.”

శనివారం అప్పీలుకు వెళ్ళేసరికి శాఖ గది ఖాళీగా ఉంది. నిర్ధారణాధికారి గారు ఎక్కడని అడిగితే, లోపలి గదిలో పునఃస్వస్థత పొందుతున్నారని చెప్పారు. ఆ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. మధ్యలో పెద్ద తొట్టి, నిండా ఐసు ముక్కలు. అందులో మెడ దాకా మునిగి, రెండు గుర్తింపు కార్డులూ నీళ్ళ మీద తేలుతుండగా, అధికారి గారు కూర్చుని ఉన్నారు.

ఆ తొట్టి పిల్లల కోసం కొన్నదే. ఆట తర్వాత అందులో కూర్చుంటే కండరాల నొప్పి తగ్గుతుందట. అయితే అది ఎరుపు వచ్చినవాళ్ళకు మాత్రమే. పిల్లలెవరికీ ఎరుపు రాదు కాబట్టి వాళ్ళు దాన్ని దూరం నుంచే చూశారు. శాఖవారు నిష్పక్షపాతంగా తమను కూడా కొలుచుకుంటారు. వాళ్ళ పూర్తి తాజాదనాన్ని మాత్రం పొరపాటు జరగకుండా, సెలవులకు సముద్రపుటొడ్డుకు వెళ్ళి వచ్చిన రోజున కొలిచారు. అందువల్ల పనిరోజుల్లో వాళ్ళందరికీ ఎరుపే. ఒకరి తర్వాత ఒకరు తొట్టిలో కూర్చుంటారు. సోమవారం నుంచి వరస ఉంటుంది.

“కూ... కూర్చోండి అమ్మమ్మగారూ,” అన్నారు అధికారి గారు, పళ్ళు టకటకలాడిస్తూ. “అప్పీలు మొ... మొదలైంది.”

“అయ్యా, పిల్ల తొడ పట్టేసింది.”

“పట్టేయడం అనే మాట మా దగ్గర లేదండీ. బి... బిగుతు అని ఉంది.”

“సరే, బిగుతుగా ఉంది.”

“బిగుతు మంచి లక్షణం. కండరం సిద్ధంగా ఉందన్న మాట.”

“కుంటుతోందయ్యా!”

“అది న... నడక శైలి. నడక మా పరిధిలోకి రాదు, మేం ఎగరడం వరకే.”

నాకు ఒళ్ళు మండింది. ఆయనకు వణుకు పుడుతోంది. గదిలో సగటున అంతా బాగానే ఉంది.

“మీకు ఎరుపు వచ్చిందా?” అని అడిగాను.

“వచ్చిందండీ.”

“ఏం చేసి?”

“కొలిచి.”

ఐసు ముక్కలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి.

“ఆ మొదటి రోజు కొలత తప్పని మీకూ తెలుసు కదయ్యా,” అన్నాను. “పిల్లలు బస్సు దిగి దేక్కుంటూ రావడం మీరూ చూశారు. కొత్తగా ఇంకోసారి కొలవండి. అంతే నేనడిగేది.”

“కొత్త కొలత తీయాలంటే పాత కొలత తప్పని యంత్రం చెప్పాలండీ. యంత్రం ఏది చెప్పినా పాత కొలతను బట్టే క... కదండీ చెప్పేది.”

“మనుషులు చెబితే?”

“మనుషులు చెప్పడం మొదలుపెడితే ఇక యంత్రం ఎందుకమ్మా?”

దీనికి జవాబు మీకెవరికైనా తోస్తే నాకు రాయండి. అధికారి గారు కాస్త సర్దుకుని కూర్చుని, గొంతు తగ్గించారు.

“ఆ రోజు నేనూ చెప్పానండీ, పిల్లలు పడిపోయేలా ఉన్నారు, రెండు రోజులాగి కొలుద్దామని. అప్పటికే ముఖ్య అతిథి గారి చేతిలో కత్తెర ఉంది. కత్తెర పట్టుకున్న మనిషిని ఎంతసేపని నిలబెడతాం?”

ఆయన ముఖం చూస్తే జాలేసింది. పెదవులు నీలంగా ఉన్నాయి. “పోనీ ఈ ఒక్క ఆదివారానికి విశ్రాంతి అని ఒక సంతకం పెట్టండి నాయనా,” అన్నాను.

ఆయన నీళ్ళలోంచి చెయ్యి పైకెత్తి చూపించారు. వేళ్ళు కొయ్యబారిపోయాయి. “కలం పట్టుకోలేనండీ,” అన్నారు. “సోమవారానికి కోలుకుంటాను.”

ఆదివారం ఆట సోమవారం కన్నా ముందే వచ్చింది.

మొదటి సగం బాగానే ఆడింది. బాగానే అంటే, నాకు తెలిసిన పిల్ల ఆడే ఆటలో సగం. రెండో సగంలో ఎడమ మూలకు ఎవరో పొడుగ్గా బంతి వేశారు. వదిలేసినా అడిగేవాళ్ళు లేరు. అది వదిలే రకం కాదు. నాలుగడుగులు మెరుపులా వేసింది. ఐదో అడుగు దగ్గర ఎవరో వెనక నుంచి రాయి విసిరినట్టు ఉలిక్కిపడి, తొడ పట్టుకుని గడ్డి మీద కూర్చుండిపోయింది. నేను రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాను గానీ ఊపిరి రాలేదు.

స్ట్రెచరు మోసే ఇద్దరూ గీత దాకా పరుగున వచ్చి ఆగారు. గీత పక్కన శాఖవారు పెట్టిన తెర వైపు చూశారు. దాని బనియను ఇంకా ఆకుపచ్చే చూపిస్తోంది.

“ఎత్తండయ్యా!” అని అరిచాను.

“ఆకుపచ్చ మనిషిని మోస్తే సంజాయిషీ రాయాలమ్మా. రంగు మారనివ్వండి,” అన్నారు.

ఈలోగా తలుపు గోలు వదిలేసి మైదానం ఆ చివర నుంచి ఈ చివరికి పరుగెత్తుకొచ్చింది. వంగి, మా పిల్లను బస్తా ఎత్తినట్టు భుజానికెత్తుకుంది. గోలు ఖాళీగా ఉంది. బంతి అవతలి జట్టు పిల్ల కాళ్ళ దగ్గరే ఉంది. ఆ పిల్ల బంతిని తన్నకుండా కాలి కింద తొక్కిపెట్టి నిలబడింది. వాళ్ళ క్లబ్బులో కూడా శాఖ ఉందట.

“దింపవే, బరువు,” అంటోంది మా పిల్ల, ఏడుస్తూ.

“నోర్ముయ్. నువ్వు నూట పదిహేడు శాతం తాజా. కదలకుండా ఉండు,” అంది తలుపు.

(భుజాన ఒక మనిషిని వేసుకుని పరుగెత్తడం వల్ల ఆ రోజు గోల్‌కీపర్లలో అత్యధిక శ్రమ నమోదైంది. తలుపుకు అభినందన లేఖ వచ్చింది. రంగు మాత్రం ఆకుపచ్చే.)

ఆస్పత్రిలో డాక్టరు స్కాను బొమ్మ తీసి, కండరం చిరిగిందన్నారు. నెలలు పడుతుందన్నారు. నా కూతురు డ్యూటీ దుస్తుల్లోనే వచ్చి, మంచం పక్కన నిలబడి పిల్ల తల నిమురుతూ ఉండిపోయింది. తనూ నర్సే కదా, కొత్తగా అడగాల్సిందేమీ లేకపోయింది. శాఖ నుంచి వెంటనే ఉత్తర్వు వచ్చింది. గాయం ఆకుపచ్చ స్థితిలో సంభవించినందున అలసటతో దానికి సంబంధం లేదని, దాన్ని ‘స్వచ్ఛంద చిరుగు’గా నమోదు చేశామని, త్వరగా కోలుకోవాలని ఆకాంక్షిస్తున్నామని అందులో ఉంది.

శిబిరం మొదలైన రోజు పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. నేను పక్కన కూర్చున్నాను. ఎంతోసేపటికి అంది:

“అమ్మమ్మా, ఆ రోజు తక్కువ ఎగరాల్సింది కదా నేను.”

“నీకు రాదుగా,” అన్నాను.

“నేర్చుకోవాల్సింది.”

నేను ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నేర్చుకోవడం మంచిదే అని అందరికీ చెబుతుంటాను. ఆ మాట విన్నాక మాత్రం లేచి, దాని కాలి కింద తలగడ సరిచేశాను.

పరీక్షలు ఆగలేదు. మంచం మీదున్న పిల్లకు పలక అవసరం లేదని మినహాయించారు గానీ, మిగతావన్నీ కొనసాగించారు. ఇక్కడే యంత్రం తన ప్రతిభను నిరూపించుకుంది. రక్తంలో శ్రమ ఆనవాళ్ళు లేవు. నిద్ర సుదీర్ఘం. పరుగెత్తిన దూరం సున్నా, కాబట్టి కండరాల మీద భారం సున్నా. వారం వారం మా పిల్ల రంగు మరింత పచ్చబడింది. క్లబ్బు వార్షికోత్సవంలో ‘సంవత్సరపు అత్యుత్తమ పునఃస్వస్థత’ పతకం దానికే ఇచ్చారు. పిల్ల రెండు చంకల కింద కర్రలతో వేదిక ఎక్కింది. చేతులు ఖాళీ లేకపోవడంతో పతకాన్ని మెడలో వేశారు. ఈమెను చూసి జట్టంతా నేర్చుకోవాలని నిర్ధారణాధికారి గారు మైకులో చెప్పారు. జట్టంతా కూర్చుని ఉంది. తలుపు ఒక్కతే లేచి బయటికి వెళ్ళిపోయింది. దాన్ని కూడా ఆమోదంగానే రాసుకుని ఉంటారు.

ఈ మధ్యే క్లబ్బువారు కొత్త క్వార్టర్సు కట్టారు. ఇళ్ళను లాటరీ, సిఫారసు లాంటివి లేకుండా, పూర్తిగా రంగుల ప్రకారం కేటాయించారు. నా వివరాలు కింద ఇస్తున్నాను. అధికారి గారి ప్రశ్నకు ఎవరైనా జవాబు రాయదలిస్తే ఈ చిరునామాకు రాయవచ్చు. పోస్టు తెచ్చే అతను పైకి రావడానికి కాస్త విసుక్కుంటున్నాడు.

పిలిచే పేరు: విజిల్ అమ్మమ్మ.

వయసు: డెబ్బై ఒకటి.

ప్రస్తుతం ఉంటున్నది: క్రీడాకారిణుల క్వార్టర్సు, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. పిల్ల కర్రలతో ఎక్కలేకపోతోంది, కింద ఇల్లు ఇప్పించండి అని అడిగాం. కింది ఇళ్ళు అలసిపోయినవాళ్ళకట. వాటిలో శాఖవారు ఉంటున్నారు.